తిరుపతిలో పురుగులు తినే మొక్కలు: ఏ నీళ్లు పొయ్యాలి, ఏ నాచు కొనాలి?

పురుగులు తినే మొక్కను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవాళ్లు నన్ను మొదట అడిగేది "రోజుకు ఎన్ని ఈగలు వెయ్యాలి?" అని. నెల తిరిగేసరికి అడిగేది "ఎందుకిట్లా నల్లబడుతోంది?" అని. ఈ రెంటి మధ్యలో అడగాల్సిన మాట మాత్రం ఎవరూ అడగరు. ఏ నీళ్లు పొయ్యాలి?

గీజరు రాడ్డుకు రెండేళ్లలో సున్నపు పెచ్చు కట్టే ఊరు మనది. బోరు నీళ్లు పట్టిన బకెట్టు అడుగున తెల్లటి గార, కుళాయి మూతి చుట్టూ అదే గార. మందారానికి, మల్లెకు ఆ నీళ్లతో ఇబ్బంది లేదు. ఆకు దవడలు మూసి ఈగను పట్టే వీనస్ ఫ్లైట్రాప్‌కు పోస్తే మాత్రం రెండు మూడు నెలల్లో వేరు మాడిపోతుంది. ఈ మొక్కలను మట్టికి బదులు పెట్టే స్ఫాగ్నమ్ నాచు అన్నాళ్లు కూడా ఆగదు.

చాలామంది ముందు మొక్క కొంటారు, తరవాత నాచు వెతుకుతారు, నీళ్ల సంగతి చివరికి గుర్తొస్తుంది. నేనూ అంతే చేశాను. రెండు ఫ్లైట్రాప్‌లు, ఒక పొట్లం బతికున్న నాచు పోగొట్టుకున్నాక వరస తిరగేశాను. మే నెలలో రోజుకు ఎన్ని లీటర్ల ఉప్పులేని నీళ్లు తేగలనో మొదట లెక్కేసుకున్నా. ఆ నీళ్లకు తగ్గ నాచు, ఆ నాచులో బతికే మొక్క తరవాత వచ్చాయి. ఇక్కడా ఆ వరసలోనే చెప్తాను.

ముందు దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఫ్లైట్రాప్ అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల చిత్తడి నేలల మొక్క. నెపంథిస్ (కూజాలు వేలాడే తీగ), డ్రొసెరా (ఆకుల మీద జిగురు చుక్కలుండేది), సరసీనియా (నిలువు గొట్టాల్లాంటి ఆకులది) కూడా దాదాపు అలాంటి బీద నేలల్లోనే పెరుగుతాయి. అక్కడి మట్టిలో నత్రజని బాగా తక్కువ, అందుకే అవి పురుగుల మీద పడ్డాయి. ఉప్పులూ తక్కువే, అందుకే వాటి వేళ్లకు ఉప్పును తట్టుకునే అలవాటు లేదు. ఎరువు వేసినా, ఉప్పునీళ్లు పోసినా వేరు ఒకేలా మాడుతుంది.

నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తాన్ని టీడీఎస్ అంటాం. రెండు మూడు వందల రూపాయలకు పెన్నులాంటి మీటరు దొరుకుతుంది. మొక్క కంటే ముందు అది కొనండి. ఈ మొక్కలకు 50 పీపీఎం (అంటే లీటరుకు 50 మిల్లీగ్రాములు) లోపు నిశ్చింత. 50 నుంచి 100 దాకా అప్పుడప్పుడూ కుండీని కడుగుతూ నెట్టుకురావచ్చు. వంద దాటితే రోజూ పొయ్యడానికి పనికిరాదు. "మా నీళ్లు తాగడానికి బాగుంటాయండీ" అనే మాట ఇక్కడ చెల్లదు. మనుషుల తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం పెట్టిన గీతే 500, వేరే దారి లేనిచోట 2000 దాకా ఒప్పుకుంటుంది. మనకు తియ్యగా ఉండే 300 నీళ్లు కూడా ఈ మొక్కకు ఉప్పునీళ్లే.

పోసిన నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం కుండీలోనే ఉండిపోతుంది. అసలు తిరకాసు అదే. ఎండాకాలంలో ఒక కుండీ రోజుకు 200 మిల్లీలీటర్లు తాగుతుందనుకుందాం. 600 పీపీఎం నీళ్లయితే రోజుకు 120 మిల్లీగ్రాముల ఉప్పు దిగుతుంది, వంద రోజులకు 12 గ్రాములు. అంటే వంటింటి ఉప్పు డబ్బాలోంచి రెండు టీస్పూన్లు తీసి కుండీలో కలిపినట్టే. అదే 30 పీపీఎం నీళ్లయితే వంద రోజులకు అరగ్రాము పైన కొంచెం. ఈ లెక్క వేసుకున్న రోజునుంచి బోరు కుళాయి వైపు నేను కన్నెత్తి చూడలేదు.

మొత్తం ఉప్పుతో పాటు నాచు విషయంలో సున్నం ఎంత ఉందో కూడా చూడాలి. బతికున్న స్ఫాగ్నమ్ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లను పట్టుకుని బదులుగా హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. తన చుట్టూ పులుపు పెంచుకుని ఆ పులుపులోనే బతుకుతుంది. సున్నపు నీళ్లు పోస్తూపోతే ఆ పట్టుకునే శక్తి నిండిపోతుంది, పులుపు పోతుంది, నాచు పోతుంది. అందుకే ఒకే 80 పీపీఎం నీళ్లలో నెపంథిస్ నవ్వుతూ ఉంటే పక్కన నాచు గోధుమరంగుకు తిరిగిపోవచ్చు.

ఇవి రెండూ పోగా, రాత్రి వేడి ఎంత, రోజూ ఎంత ఓపిక పెట్టగలరు అన్నవి మీ ఇంటిని బట్టి, మిమ్మల్ని బట్టి ఉంటాయి.

నీళ్లు: ఏవి, ఎక్కడ, ఎన్ని

కింద అంకెలు మా ఇంట్లో, మా వీధిలో నా మీటరు చూపించినవి. మీ వీధిలో వేరేలా ఉంటాయి, రెండు వీధులు దాటితే బోరు నీళ్ల రుచే మారిపోతుంది కదా.

| నీళ్లు | నా మీటరు (పీపీఎం) | మేలో దొరుకుతాయా | బతికున్న నాచుకు | మొక్కలకు |
|---|---|---|---|---|
| బోరు | 780 | దొరుకుతాయి | వద్దు | వద్దు |
| మునిసిపల్ కుళాయి | 310 | రోజు మార్చి రోజు | వద్దు | వద్దు |
| క్యాను నీళ్లు | 45 నుంచి 130 | దొరుకుతాయి | క్యానును బట్టి | వంద లోపైతే ఫరవాలేదు |
| ఇంటి ఆర్‌ఓ | 38 | దొరుకుతాయి | ఫరవాలేదు | బాగు |
| ఏసీ కింద నీళ్లు | 14 | బాగా | బాగు | బాగు |
| వాన నీళ్లు | 9 | దాచుకుంటేనే | అన్నిటికంటే మేలు | అన్నిటికంటే మేలు |
| బ్యాటరీ షాపు నీళ్లు | 2 | దొరుకుతాయి | బాగు | బాగు |

బోరు, కుళాయి నీళ్ల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. రాత్రంతా బకెట్టులో నిలబెడితే క్లోరిన్ ఎగిరిపోతుంది, ఉప్పు పోదు. కాచి చల్లారిస్తే సున్నం కొంత అడుక్కు దిగుతుంది గానీ, నీళ్లు ఇంకి మిగతా ఉప్పు చిక్కబడుతుంది. పటిక తిప్పితే తేటపడతాయంతే. నిమ్మరసం పిండితే పులుపు వస్తుంది, టీడీఎస్ తగ్గదు. బాత్‌రూముకు పెట్టించుకునే సాఫ్ట్‌నర్ మరీ మోసం, సున్నాన్ని తీసి సోడియం పెడుతుంది.

ఇంటి ఆర్‌ఓ దగ్గర కొంచెం ఆగాలి, నేను దెబ్బతిన్నది ఇక్కడే. ముందు మీ ప్యూరిఫయర్‌లో ఆర్‌ఓ పొర ఉందో లేదో చూసుకోండి. యూవీ, యూఎఫ్ మాత్రమే ఉన్న మిషను క్రిములను ఆపుతుంది, కరిగిన ఉప్పును ఆపదు. ఆర్‌ఓ ఉన్నా లోపల టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పితే శుద్ధి చెయ్యని నీళ్లు కొన్ని పక్కదారిన వచ్చి శుద్ధి చేసినవాటిలో కలుస్తాయి. ఒకసారి సర్వీసుకు వచ్చిన అబ్బాయి ఫిల్టర్లు మార్చి వెళ్లాడు. మూడు వారాల తరవాత నాచు తలలు అంచుల్లో తేయాకు రంగుకు తిరిగాయి. మొక్కలు మామూలుగానే ఉన్నాయి. ఎండ అనుకున్నా, నీడవల రెండు మడతలు వేశా, లాభం లేదు. చివరికి మీటరు ముంచితే 140! ఫోన్ చేస్తే, "నీళ్లు చప్పగా ఉండాయని అందరూ అంటారన్నా, కొంచెం తిప్పినాను" అన్నాడు. పాపం, అతను మనుషుల నాలుకల కోసం చేశాడు. మర మళ్లీ వెనక్కి తిప్పించుకున్నా గానీ ఆ డబ్బాలో నాచు సగం పోయింది. అప్పటినుంచి సర్వీసు అయిన రోజు సాయంత్రం మీటరు పెట్టకుండా ఒక్క చుక్క కూడా పొయ్యను. మినరల్ కార్ట్రిడ్జి, ఆల్కలైన్ కార్ట్రిడ్జి ఉన్న మిషన్లయితే వాటికి ముందే గొట్టం పెట్టి నీళ్లు పట్టుకునే ఏర్పాటు అడగండి. ఆల్కలైన్ నీళ్లు నాచుకు పనికిరావు. ఆర్‌ఓ వదిలేసే పక్క నీళ్లయితే బోరు కంటే ఉప్పు, వాటిని గిన్నెలకో బండి కడగడానికో వాడుకోండి.

క్యాను నీళ్లలో ఒకే చిక్కు, ఈ వారం 45 ఉన్న క్యాను వచ్చే వారం 130 ఉండొచ్చు. ప్లాంటులో రుచి కోసం ఖనిజాలు కలుపుతారు. క్యాను దించిన వెంటనే మీటరు పెట్టండి, ఎక్కువొస్తే అది తాగడానికి, తక్కువొస్తే మొక్కలకు. దుకాణం అతను వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఏసీ నీళ్లు అంటే గాలిలోని తేమ చల్లటి కాయిల్ మీద నీరుగా మారినవి, కాబట్టి ఉప్పు దాదాపు ఉండదు. రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే మా ఒకటిన్నర టన్ను ఏసీ కింద బకెట్టులో ఐదారు లీటర్లు పడతాయి. పడమటి వడగాలి పొడిగా వీచే రోజుల్లో మూడు దాటవు. గొట్టంలోంచి వచ్చే దుమ్ము, జిగురు వడకట్టడానికి పాత పంచె గుడ్డ చాలు. ఏసీ సర్వీసు చేయించినప్పుడు కాయిల్‌కు మందు కొడతారు, ఆ తరవాత మూడు నాలుగు రోజుల నీళ్లు పారబోయండి. ఇవి మొక్కలకే, పొరపాటున కూడా తాగకండి.

వాన నీళ్ల సంగతికి వస్తే మన ప్రాంతానికి ఒక వరం ఉంది. నైరుతిలో కొంత పడినా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో మనకు గట్టి వాన. ఏసీ కట్టేసే నెలల్లో వాన పడుతుంది, వాన లేని నెలల్లో ఏసీ నడుస్తుంది. ఈ రెంటినీ కలుపుకుంటే చాలామందికి ఏడాదంతా డబ్బు ఖర్చు లేకుండా గడిచిపోతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. మిద్దె మీద పది చదరపు మీటర్ల టార్పాలిన్ వాలుగా కట్టి డ్రమ్ములోకి వదిలితే, 20 మిల్లీమీటర్ల వానకు 200 లీటర్ల డ్రమ్ము నిండుతుంది. పది కుండీలకు రోజుకు రెండు లీటర్లంటే జనవరి నుంచి జూన్ ఆఖరు దాకా 360 లీటర్లు. రెండు డ్రమ్ములు.

సిమెంటు మిద్దె మీంచి నేరుగా పట్టకండి. నేను ఒకే వానకు రెండు గిన్నెలు పెట్టి చూశాను. టార్పాలిన్ కిందది 9, మిద్దె గొట్టంలోంచి వచ్చింది 64. సిమెంటు సున్నం అంత త్వరగా కరుగుతుంది. మొదటి పావుగంట వాన దుమ్ముతో వస్తుంది, దాన్ని వదిలెయ్యండి. డ్రమ్ముకు మూత, మూత కింద సన్నటి దోమతెర తప్పనిసరి. ఇందులో దోమలు పెరిగితే పక్కింటివాళ్లు మిమ్మల్నే తిడతారు, తిట్టాలి కూడా. డ్రమ్ము నీలమో నల్లదో అయితే పాచి పట్టదు.

బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ అన్నిటికంటే శుభ్రం, అన్నిటికంటే ఖరీదు. కొనేటప్పుడు లేబులు చదవండి, అదే అరలో పక్కనే బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది! ఒక కుండీ ఉన్నవాళ్లకు ఐదు లీటర్ల క్యాను 25 రోజులు వస్తుంది. పది కుండీలు ఉన్నవాళ్లకు రెండున్నర రోజులు. ఇక చెప్పేదేముంది.

కలిపి పొయ్యొచ్చా అని అడుగుతారు. తొమ్మిది లీటర్ల వాన నీళ్లలో ఒక లీటరు బోరు నీళ్లు కలిపితే మా ఇంటి అంకెలతో 86 వస్తుంది. అంటే పదో వంతు బోరు నీళ్లతోనే హద్దు చేరిపోయాం. ఆ ఒక్క లీటరు ఆదా కోసం తొమ్మిది లీటర్లు చెడగొట్టుకోవడం నాకు నచ్చదు.

నాచు: ఎండుది, బతికున్నది, మిగతావి

స్ఫాగ్నమ్‌కు వేళ్లు ఉండవు. ఒంటినిండా ఖాళీ కణాలు, వాటినిండా నీళ్లు. తన ఎండు బరువుకు ఇరవై రెట్ల దాకా నీళ్లు పట్టుకుంటుంది. చచ్చి ఎండిన తరవాత కూడా ఆ ఖాళీ కణాలు అలాగే ఉంటాయి కాబట్టి ఎండు నాచు కుండీ మిశ్రమంగా పనికొస్తుంది.

ఎండు నాచు మనకు ఎక్కువగా న్యూజిలాండ్, చిలీ నుంచి వస్తుంది. న్యూజిలాండ్‌ది పోచలు పొడవుగా, లేత పసుపుగా ఉంటుంది, ఖరీదూ ఎక్కువ. చిలీది కాస్త ముతక. తిరుపతి ఎండకు నా ఓటు పొడవు పోచల దానికే, త్వరగా కుళ్లదు, రెండేళ్ల దాకా కుండీ మార్చక్కర్లేదు. కొనేటప్పుడు మోసం ఒకటుంది. ఒక అమ్మకందారు నాకు ముదురాకుపచ్చ "స్ఫాగ్నమ్" పంపాడు. గిన్నె నీళ్లలో వేస్తే నీళ్లు హోలీ రంగులా మారాయి. అది అలంకరణ బుట్టల్లో పెట్టే రంగు నాచు. ఎండు స్ఫాగ్నమ్ ఎప్పుడూ గడ్డిరంగులోనే ఉంటుంది, నీళ్లు పోస్తే నిమిషంలో ఉబ్బుతుంది, పిండితే స్పాంజిలా నీళ్లు కారతాయి. చేతికి గీతలు, పుళ్లు ఉంటే గ్లౌజులు వేసుకుని ముట్టుకోండి. దీంట్లో ఉండే ఒక రకం బూజు గాయాల్లోంచి చర్మంలోకి పాకుతుంది.

బతికున్న నాచు చూడ్డానికి అందం. లేతాకుపచ్చ నక్షత్రాల్లాంటి తలలు, ఎండ తగిలితే కొన్ని రకాలకు ఎరుపు. దానికి ఇంకో ప్రయోజనం ఉంది. మొక్క కంటే ముందు నీళ్ల తప్పును అదే చెబుతుంది. నా ఆర్‌ఓ మర సంగతి బయటపెట్టింది అదే కదా. తల అంచులు గోధుమరంగైతే ఉప్పో సున్నమో. తెల్లగా పాలిపోయి పెళుసైతే ఎండో ఆరిపోవడమో. మీద జిగురు పాచి పేరుకుంటే నీళ్లలో పోషకాలున్నట్టు.

అలాగని అందరికీ చెప్పను. బతికున్న నాచు బాగా పెరిగితే చిన్న డ్రొసెరాలను పైనుంచి కమ్మేస్తుంది, ప్రతి నెలా కత్తెర పట్టుకుని కూర్చోవాలి. సరిగా పెరగకపోతే డబ్బు దండగ. దానికి హాయిగా ఉండే వేడి 15 నుంచి 25 డిగ్రీలు. మన మే నెలలో పగలు 40 దాటుతుంది, రాత్రి కూడా ఆ 25కు దిగడం అరుదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు. రోళ్లే పగిలే ఎండలో వేళ్లులేని నాచు ఎంత!

పీట్ మాస్ గురించి క్లుప్తంగా. అదీ స్ఫాగ్నమే, వందలు, వేల ఏళ్లు బురదలో సగం కుళ్లినది. సమానంగా పెర్లైటుతో (తెల్లటి తేలిక రాతి గుళ్లు) కలిపితే ఫ్లైట్రాప్, సరసీనియాలకు మంచి మిశ్రమం. సంచి మీద సున్నం, ఎరువు కలిపినట్టు రాసి ఉంటే కొనకండి, నర్సరీలో దొరికే చాలా సంచులు అలాంటివే.

కొబ్బరి పొట్టు చవక, ఏ నర్సరీలోనైనా ఇటుకలు దొరుకుతాయి. అందులో సహజంగానే ఉప్పులు ఉంటాయి. నానబెట్టి, పిండి, పారబోసి, పిండిన నీళ్ల టీడీఎస్ 50 లోపుకు వచ్చేదాకా కడగాలి. నాకు ఏడుసార్లు పట్టింది, అదీ వాన నీళ్లతో. అన్ని నీళ్లు పోసేకంటే ఎండు నాచు కొనడం చవక పడింది! నెపంథిస్‌కు కొబ్బరి పెచ్చు ముక్కలు బాగా కడిగి ఎండు నాచుతో కలిపితే మాత్రం బాగుంటుంది, వేళ్లకు గాలి ఆడుతుంది.

వానాకాలం పిట్టగోడ మీద మొలిచే పచ్చటి నాచును గీకి పెట్టొచ్చా అని అడిగినవాళ్లు ఉన్నారు. అది సిమెంటు సున్నం మీద బతికే వేరే జాతి. వద్దు. కొండ మీంచి తేవడం అసలు వద్దు. డ్రొసెరా ఇండికా, డ్రొసెరా బర్మనై లాంటివి మన తూర్పు కనుమల తడి నేలల్లో సహజంగా పెరుగుతాయి, వానల తరవాత చెమ్మ బండల దగ్గర కంటపడితే చూసి ఆనందించండి. శేషాచలం 2010 నుంచి జీవావరణ రిజర్వు, అందులో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది, అక్కడ మొక్క పీకడం నేరం.

నాచును బతికించాలనే పట్టుదల ఉంటే

మూడు తావుల్లో పెట్టి చూశాను.

మిద్దె మీద 75 శాతం నీడవల కింద: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అద్భుతం, మార్చిలో దిగాలు, ఏప్రిల్ రెండో వారానికి తెల్లగా బూడిద. మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో తేమ నిలుస్తుంది కదా అని అక్కడే పెట్టా. ఎండ తగిలిన గంటకు మూత లోపల ఆవిరి ఇడ్లీపాత్రలాగా పట్టింది. నాచు ఉడికింది. ఉత్తినే అనడం లేదు, వాసన కూడా ఉడికిన ఆకుకూర వాసనే వచ్చింది.

పడకగదిలో ఎల్‌ఈడీ దీపం కింద: 20 వాట్ల తెల్ల దీపం, ఒక అడుగులోపు ఎత్తు, రోజుకు 12 గంటలు. రాత్రి ఏసీ ఎటూ మనకోసం నడుస్తుంది. నాచు సంవత్సరమంతా బతికింది ఇక్కడే. ఏసీ గాలి నేరుగా తగలకుండా డబ్బా మూత వేలెడు సందు వదిలి పెట్టాలి. గదిలో వెలుగు మా ఆవిడకు ఇష్టం లేదు, అది వేరే పంచాయితీ.

కుండలో డబ్బా: ఏసీ లేనివాళ్లకు నేను చెప్పేది ఇదే. వెడల్పు మూతి మట్టికుండ తీసుకుని, అడుగున, చుట్టూ ఇసుక పోసి, మధ్యలో నాచు ఉన్న ప్లాస్టిక్ డబ్బా దించండి. ఇసుకను రోజుకు రెండుసార్లు తడపండి. తాగే నీళ్ల కుండ చల్లబడ్డట్టే ఇదీ చల్లబడుతుంది. ఇసుకకు బోరు నీళ్లే పొయ్యొచ్చు, ఎందుకంటే అవి నాచుకు తగలవు. డబ్బా అంచు మాత్రం ఇసుక కంటే రెండు వేళ్లు పైన ఉండాలి. రెండు నెలలకు కుండ బయట తెల్లటి ఉప్పు పూస్తుంది, ఆ ఉప్పంతా మీ నాచులోకి వెళ్లాల్సింది అనుకుని తృప్తిపడండి. గాలి పొడిగా ఉన్న ఏప్రిల్, మే నెలల్లో ఇది బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ ఉన్నప్పుడు అంతగా చల్లబడదు, అప్పుడు అవసరమూ ఉండదు. కుండను మిద్దె మీద కాకుండా ఉత్తరం వైపు వరండాలో పెట్టండి.

పెంచే పద్ధతి కష్టమేమీ కాదు. డబ్బా అడుగున మూడు వేళ్ల మందం నానిన ఎండు నాచు, దాని మీద బతికున్న నాచు తలలను రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించి పరచి అరచేత్తో మెల్లగా నొక్కాలి. నీటి మట్టం తలలకు రెండు మూడు సెంటీమీటర్ల కింద ఉండాలి. ముంచేస్తే కుళ్లుతుంది. ఎరువు చుక్క కూడా వద్దు.

ఎవరికి ఏది

యూనివర్సిటీ హాస్టల్లో ఉండే కుర్రవాళ్లకు: ఒక్క డ్రొసెరా, ఎండు నాచు, ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్. కిటికీలో పొద్దుటి ఎండ. డ్రొసెరా బర్మనై మన వేడికి అలవాటైంది, ఏడాదికి చచ్చినా విత్తనాలు రాల్చి మళ్లీ మొలుస్తుంది. సెలవులకు ఊరెళ్లేటప్పుడు కుండీని లోతైన పళ్లెంలో పెట్టి వెళ్లండి.

అద్దె ఫ్లాటు, ఏసీ లేదు, బాల్కనీ ఉంది: క్యాను నీళ్లు, కొబ్బరి పెచ్చు కలిపిన ఎండు నాచు, ఒక సంకర నెపంథిస్. వెంట్రాటా అనే రకం మొండిది, 80, 90 పీపీఎం నీళ్లను కూడా కొన్నాళ్లు భరిస్తుంది. దీన్ని పళ్లెం నీళ్లలో నిలబెట్టకండి, పైనుంచి పోసి కారనివ్వాలి. "దోమలు తగ్గుతాయా అన్నా?" అని పక్కింటి అమ్మాయి అడిగింది. తగ్గవు తల్లీ. ఇది తినేది ఎక్కువగా చీమలను.

సొంత మిద్దె, ఏసీ రెండూ ఉన్నవాళ్లకు: రెండు డ్రమ్ములు, ఏసీ కింద ఒక బకెట్టు. మీకు అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. సరసీనియా పెట్టండి, దానికి నిండు ఎండ ఇష్టం, పళ్లెంలో నీళ్లు నిలబడి ఉంటే చాలు.

ఫ్లైట్రాపే కావాలనేవాళ్లకు: దానికి, నిజానికి సరసీనియాకు కూడా, మూడు నెలల చలినిద్ర కావాలి. తిరుపతి డిసెంబరు ఆ చలికి చాలదు. సరసీనియా ఒకటి రెండేళ్లు సర్దుకుంటుంది, ఫ్లైట్రాప్ అంత ఆగదు. దుంపను కడిగి, తడిపి పిండిన ఎండు నాచులో చుట్టి, జిప్ కవరులో పెట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచేవాళ్లున్నారు. నేనూ చేశా, ఒకటి బతికింది, ఒకటి బూజుపట్టింది. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, మా ఇంట్లో ఒకసారి అల్లం ముక్కనుకుని బయటికి తీశారు.

కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపువాళ్లు ఈ పోలిక అంతా కొంచెం మార్చి చదువుకోవాలి. సముద్రమట్టానికి 700 మీటర్ల చుట్టుపక్కల ఉన్న ఊళ్లవి, రాత్రిళ్లు మా కంటే చల్లగా ఉంటాయి. మీకు బతికున్న నాచు మీద డబ్బు పెట్టడం దండగ కాదు, నీడవల, కుండలో డబ్బా రెండూ కలిపితే ఎండాకాలం దాటిస్తారు. నీళ్ల సంగతి మాత్రం మీకూ మాకూ ఒకటే, బోరుకు మీటరు పెట్టి చూడండి.

ఎవరైనా సరే, నెలకోసారి కుండీని పైనుంచి కడగాలి. కుండీ పట్టేదానికి మూడింతల వాన నీళ్లో ఏసీ నీళ్లో మెల్లగా పోసి, కింద కారినవాటికి మీటరు పెట్టండి. 100 లోపు వచ్చేదాకా పొయ్యండి. కారిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తే దానికేమీ కాదు.

బతికున్న నాచు, మొక్కలు ఆర్డరు పెట్టేదుంటే నవంబరు నుంచి జనవరి మధ్యలో పెట్టండి. డ్రమ్ములో వాన నీళ్లు కూడా అప్పటికి ఉంటాయి. ఏప్రిల్లో తెప్పించిన నా రెండో పొట్లం మూడు రోజులు కొరియర్ వ్యానులో ఉండి వచ్చింది. విప్పితే గోరువెచ్చగా ఉంది.